రాకడ దాకా పని తప్పించుకోవడం ఎలా?

క్రీస్తు మళ్లీ వస్తాడని నమ్మే మనిషికి ఈ రోజుల్లో ఎన్ని చిక్కులో! ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు. ఈలోగా పొద్దున్నే లేవాలి, చేనుకు పోవాలి, పిల్లల ఫీజు కట్టాలి, పక్క చేనాయనతో గట్టు పంచాయితీ తెంపుకోవాలి, తెచ్చిన అప్పు తీర్చాలి. ఇన్ని పనుల మధ్య ఆకాశం కేసి చూసే తీరికేదీ? వికారాబాద్, తాండూరు వైపు విశ్వాసులు పడుతున్న ఈ అవస్థ చూడలేక, వాళ్లకు చేదోడుగా ఈ చిట్కాలు రాశాం. తు.చ. తప్పకుండా పాటిస్తే ఎదురుచూపు ఎంతో సుఖంగా సాగిపోతుంది. ఒక్కటే షరతు: పాటించేటప్పుడు బైబిలు పక్కన తెరిచి పెట్టుకోకూడదు.

1. ముందుగా ఒక తేదీ ఖాయం చేయండి

తేదీ లేని ఎదురుచూపు మహా కష్టం. ఏ రోజైనా రావచ్చంటే ప్రతి రోజూ బుద్ధిగా బతకాల్సి వస్తుంది. అదే తేదీ తెలిస్తే ఆ వారం ఒక్కటీ బుద్ధిగా ఉంటే సరిపోతుంది.

ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని యేసే చెప్పాడు కదా అని ఎవరైనా మత్తయి సువార్త 24వ అధ్యాయం తీస్తారు. దినం, గడియ తెలియవన్నాడు గానీ నెల, సంవత్సరం తెలియవన్నాడా అని ఎదురు ప్రశ్న వేయండి. అడిగినవాడు నోరెళ్లబెట్టి చూస్తుండగానే లెక్కల్లోకి దిగిపోండి.

ఈ విద్యలో మనకు ముందు చాలామంది ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టాడు. లెక్క అటూ ఇటూ జరిగి చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 దగ్గర ఆగారు. చేతికొచ్చిన పంటను చేలోనే వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. అక్టోబర్ 23 మామూలుగానే తెల్లారింది. 2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అన్నాడు. అది దాటిపోగానే అక్టోబర్ 21కి జరిపాడు. జరపడం వరకు ఆయన దగ్గర నేర్చుకోండి. మరుసటి ఏడాది, తేదీ చెప్పడమే పాపమైందని ఒప్పుకున్నాడు. అంత దూరం మాత్రం పోకండి.

అందరికన్నా ముందుచూపు ఉన్నవాడు దక్షిణ కొరియాలో దామి మిషన్ నాయకుడు లీ జాంగ్ రిమ్. 1992 అక్టోబర్ 28న సంఘం ఎత్తబడుతుందని ప్రకటించాడు. జనం ఉద్యోగాలు మానుకున్నారు, ఇళ్లూ వాకిళ్లూ అమ్ముకున్నారు. ఆయన మాత్రం ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొనిపెట్టుకున్నట్టు దర్యాప్తులో బయటపడింది. తేదీ భక్తులకు, వడ్డీ బోధకుడికి. చివరికి జైలుకు పోయాడనుకోండి, అది వేరే సంగతి.

మెథడిస్టులు మాత్రం ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మీ సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఈ విషయంలో మనకు బొత్తిగా సాయం చేయడు. లండన్‌లో ఆయన మనుషుల్లోనే జార్జ్ బెల్ అనే మాజీ సైనికుడు 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని చాటాడు. ఊరంతా గుబులు. ఆ సాయంత్రం వెస్లీ స్పిటల్‌ఫీల్డ్స్‌లో ప్రసంగించాడు. దేవుణ్ని కలుసుకోవడానికి సిద్ధపడమన్నాడు, లోకం ఈ రాత్రే అంతమవుతుందనడం అర్థం లేని మాటని కూడా చెప్పాడు. కొందరు భయంతో పడుకోలేదు, కొందరు పొలాల వెంట తిరిగారు. వెస్లీ మాత్రం ఇంటికెళ్లి రోజూ పడుకునే వేళకే పడుకుని, పది గంటలకల్లా నిద్రపోయాడు. సిద్ధంగా ఉన్నవాడికి నిద్ర పడుతుందన్న సంగతి బయటికి పొక్కితే మన అర్ధరాత్రి కూడికలకు ఎవరూ రారు.

2. విత్తనం జోలికి పోకండి

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వస్తే మనకేం? ఆ నల్లరేగడిలో తొలకరికి కంది విత్తితే చేతికొచ్చేసరికి డిసెంబరో, జనవరో అవుతుంది. ఇంచుమించు ఆరు నెలలు. ఈలోగా బూర మోగదని ఎవరు రాసిచ్చారు? విత్తనాలెందుకు, ఎరువెందుకు, ఎండు తెగులు వచ్చిందని ఒకసారి, కాయలో పురుగు పడ్డదని ఒకసారి మందుల దుకాణం చుట్టూ తిరగడమెందుకు? చేను బీడు పెట్టి గట్టు మీద కూర్చోండి. అదే విశ్వాసం.

ఈ చిట్కాకు అడ్డం వచ్చేది యాకోబు పత్రిక. అయిదో అధ్యాయం ఏడో వచనంలో ఆయన ప్రభువు రాకడ దాకా ఓపిక పట్టమంటాడు. అక్కడితో ఆగితే బాగుండేది. దానికి రైతును ఉదాహరణగా తెచ్చాడు. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా రైతు ఎట్లా కనిపెట్టుకుని ఉంటాడో చూడమంటాడు. ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, వాన కోసం చూసే రైతు విత్తనం వేసే చూస్తాడు. దుక్కి దున్నని చేను గట్టు మీద కూర్చుని మబ్బుల కేసి చూసేవాణ్ని పెద్దేముల్‌లో గానీ యాలాలలో గానీ ఎవరూ రైతనరు. కాబట్టి ఈ వచనాన్ని సగమే చదవాలి. ‘ఓపిక’ దగ్గర ఆగి పుస్తకం మూసేయండి.

ఇంకో పేజీ కూడా ఉంది. క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘంలో కొందరు మన దారిలోనే నడిచారు. పని మానేసి పక్కవాళ్ల విషయాల్లో తలదూర్చుతూ తిరిగేవాళ్లు. వాళ్లకు పౌలు ఏం రాశాడంటే, పని చేయనొల్లనివాడికి తిండి పెట్టొద్దని. అంతటితో ఆగక, తాను ఎవరికీ భారం కాకుండా రాత్రింబవళ్లు చేతులతో పని చేశానని కూడా గుర్తు చేశాడు. ఆయన గుడారాలు కుట్టి బతికిన మనిషి. ఇది చదివితే, పొద్దున ఒక కూడిక, మధ్యాహ్నం ఒక కూడిక, రాత్రికి ఏ ఇంట్లో కోడి కోస్తే ఆ ఇంట్లో కూడిక పెట్టుకునే అన్నలకు మనసు నొచ్చుకుంటుంది. రెండో థెస్సలొనీకయుల పత్రిక మూడో అధ్యాయం దగ్గర రెండు పేజీలూ జిగురుతో అతికించేయండి.

3. కూలి పరలోకంలో ఇప్పిస్తామనండి

తాండూరు అంటే కంది ఎంతో బండలూ అంతే. గనిలో బండలు తీసేవాళ్లు, లారీకెత్తేవాళ్లు, పాలిష్ మిషన్ల దగ్గర నీళ్లలో తడుస్తూ నిలబడేవాళ్లు వేలల్లో ఉన్నారు. మీరు యజమాని, పైగా సంఘ పెద్ద అయితే ఈ చిట్కా మీ కోసమే. శనివారం పొద్దుగూకేసరికి కూలీలు వస్తారు. మాట ఇలా నడపాలి:

“సేటూ, ఈ వారం కైకిలి ఇయ్యలేదు.”

“వందనాలు తమ్మీ. ప్రభువు రాకడ దగ్గరున్నది. ఈ లోకపు పైసలతోటి మనకేం పని?”

“గట్లయితే బండలు కొన్నోళ్లను మీరు గూడ పైసలు అడగకున్రి సేటూ.”

ఇలాంటి జవాబు వస్తే వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోండి. అతను విసిగి వెళ్లిపోయేదాకా ‘ఆమెన్’ అనొద్దు. దుమ్ముకు దగ్గు పట్టిందని, ముక్కుకు కట్టుకునేందుకు మంచి మాస్కు ఇప్పించమని అడిగితే, మనిషి మన్నే కదా అని ఓదార్చండి.

ఇక్కడ కూడా యాకోబు అడ్డుపడతాడు. ఓపిక పట్టమన్న మాట ఏడో వచనంలో ఉందని చెప్పాం కదా, దానికి మూడు వచనాల ముందే, చేను కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేక సైన్యాలకు అధిపతి అయిన ప్రభువు చెవిన పడిందని రాశాడు. అంటే రాకడ మాట ఎత్తే ముందు కూలి లెక్క తేల్చాడు. ముందు కూలి, తర్వాత ఓపిక. పైగా ఓపిక పట్టమన్నది కూలి ఎగ్గొట్టినవాణ్ని కాదు. ఈ వరుస కూలీల కంట పడకుండా చూసుకోవడం యజమానుల సొంత బాధ్యత.

4. ప్రతి నంబరులోనూ 666 వెతకండి

ఇది ఖర్చు లేని పని, పైగా కాలక్షేపం. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో మృగం సంఖ్య 666 అని ఉంది. ఆ కాలంలో అక్షరాలకు విలువలుండేవి. నీరో చక్రవర్తి పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే ఈ సంఖ్యే వస్తుందని, రాసినవాడు విశ్వాసులను చంపించిన రోమా సింహాసనాన్ని వేలెత్తి చూపాడని చాలామంది పండితుల మాట. కొన్ని పాత రాతప్రతుల్లో 616 అని కూడా ఉంది. ఇదంతా సంఘంలో చెప్పకండి. చెబితే నీరోకూ మన రేషన్ షాపుకూ సంబంధం తెగిపోతుంది.

ఆ సంబంధమే మనకు ముఖ్యం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి కార్డులో పేరున్న మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మిషన్ మీద వేలు పెడితే మృగం ముద్ర పడ్డట్టేనని ఒంటరి అవ్వ ఎవరైనా దొరికితే చెప్పండి. అవ్వ వేలు ముడుచుకుంటుంది, ఆ నెల బియ్యం పోగొట్టుకుంటుంది. మీ వాటా మీరు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి. ఆధార్, బార్‌కోడ్, టీకా, క్యూఆర్ కోడ్, అన్నిటి మీదా అనుమానం పడవచ్చు. ఒక్క కానుకల పెట్టె మీద అతికించిన క్యూఆర్ కోడ్ మాత్రం పవిత్రం.

పూడూరు దగ్గర దామగుండం అడవిలో నావికాదళం సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. సముద్రం లోపలి జలాంతర్గాములతో మాట్లాడటానికి అది. దీన్ని క్రీస్తు విరోధి చెవిగా ప్రచారం చేయండి. అందులో పెద్ద లాభం ఉంది. ఆ 2900 ఎకరాల అడవిలో ఎన్ని చెట్లు పోతాయి, అనంతగిరి కొండల్లో పుట్టే మూసీకి నీళ్లెట్లా, పశువులు మేపుకునేవాళ్లు ఎటు పోవాలి అన్న ప్రశ్నలు స్థానికులు అడుగుతున్నారు. చెవి గురించి మాట్లాడుతున్నంత సేపూ చెట్ల గురించి మాట్లాడే బాధ ఉండదు. ఎలాగూ కాలిపోయే లోకానికి మొక్కలు నాటడమెందుకు?

5. బడి కట్టకండి, ఆసుపత్రి కట్టకండి

వికారాబాద్‌కు వచ్చిన పాత మెథడిస్టు మిషనరీలు చేసిన పొరపాటు మీరు చేయొద్దు. వాళ్లూ రాకడను నమ్మినవాళ్లే. నమ్మి ఊరుకోవచ్చు కదా? మేరీ నాట్స్ పేరిట ఆడపిల్లల బడి పెట్టారు. క్రాఫర్డ్ పేరిట ఆసుపత్రి పెట్టారు. ప్రభువు ఎప్పుడైనా రావచ్చని నమ్ముతూనే, ఆయన ఆలస్యమైతే పిల్లలకు అక్షరాలు కావాలి కదా అనుకున్నారు. రెండు ఆలోచనలు ఒకే బుర్రలో ఎలా పట్టాయో మనకు అంతుబట్టదు.

20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఈ చుట్టుపక్కల మాదిగ, మాల వాడలు వాడలుగా సంఘంలోకి వచ్చాయి. బువ్వ కోసం వచ్చారని, గౌరవం కోసం వచ్చారని అప్పట్లోనే వెక్కిరింపులు మొదలయ్యాయి. వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ ఇలాంటి ప్రాంతాలను కొన్నిటిని ఎంచుకుని వివరంగా పరిశీలించి 1933లో పుస్తకం వేశాడు. వాటిలో వికారాబాద్ ఒకటి. ఏ కారణంతో వచ్చారన్నదాని కంటే, వచ్చాక వాళ్లకు ఎవరు నేర్పారు, ఎవరు తోడున్నారు అన్నదే వాళ్ల విశ్వాసాన్ని నిలబెట్టిందని ఆయన తేల్చాడు. ఏళ్ల తరబడి వెంట ఉండటం అంటే చాకిరీ. మనకు పడదు. బాప్తిస్మం ఇచ్చి, ఫోటో తీసుకుని, పక్క ఊరికి పోవడమే మన పద్ధతి.

ధారూర్ జాతరకు మాత్రం తప్పకుండా వెళ్లండి. ప్రతి నవంబర్‌లో జరిగే ఈ మెథడిస్టు జాతరకు నూరేళ్లు దాటాయి. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా జనం వచ్చి గుడారాలు వేసుకుంటారు. మీరు ముందు రోజే పోయి వేదికకు దగ్గరగా జాగా పట్టండి. అవసరమైతే పక్కవాళ్ల తాడు ఒక మూర అవతలికి జరపండి. సాక్ష్యాలు విని బాగా ఏడవండి. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ముడు పక్క గుడారంలోనే కనబడితే, పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోండి. ముందు పోయి సహోదరుడితో సమాధానపడి తర్వాత కానుక అర్పించమని కొండమీది ప్రసంగంలో ఉంది గానీ, జనం అంత ఒత్తిడిగా ఉన్న చోట అది కుదిరే పనేనా? కానుక వేసి, తగాదాను భద్రంగా ఇంటికి తెచ్చుకోండి.

6. ఆలస్యమవుతున్న కోపం ఇంట్లో చూపించండి

ఎదురుచూసి ఎదురుచూసి విసుగొస్తుంది. ఆ విసుగు ఎక్కడో ఒక చోట తీరాలి. ప్రభువును ఏమీ అనలేం, పాస్టరు అయ్యగారిని అనలేం. కోడలుంది, పాలేరుంది, ఆటో నడిపి అలిసి వచ్చిన కొడుకున్నాడు. అందరికన్నా దగ్గరగా భార్య ఉంది. కుటుంబ ప్రార్థనకు రెండు నిమిషాలు ఆలస్యమైందని అరవండి. పొయ్యి మీద అన్నం ఉందని ఆమె చెబితే మార్త, మరియల కథ వినిపించండి. ప్రార్థన కాగానే అన్నం ఇంకా ఉడకలేదేమని మళ్లీ అరవండి.

లూకా 12లో ఒక దాసుడున్నాడు. యజమాని ఇప్పట్లో రాడులే అనుకుని, ఇంట్లో పనివాళ్లనూ పనికత్తెలనూ కొట్టి, తిని తాగి మత్తుడయ్యాడు. యజమాని అతను అనుకోని రోజున వచ్చాడు. ఆ తర్వాత ఆ దాసుడికి ఏమైందో మేం రాయం. చిట్కాల పుస్తకం కొనేవాళ్లకు భయం పుట్టించకూడదు.

7. ఉండిపోయేవాళ్ల జాబితా రాసుకోండి

సంఘం ఎత్తబడ్డాక కింద మిగిలేవాళ్లు ఎవరెవరో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అనంతగిరి పద్మనాభస్వామి గుడికి పోయే పక్కింటివాళ్లు, దర్గాకు పోయే వెనకింటివాళ్లు, క్రిస్మస్‌కే చర్చికి వచ్చే మీ బావమరిది. జాబితా పూర్తయ్యాక వాళ్లింట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా పోవాల్సిన అవసరం ఉండదు. రాత్రి పూట మీ నాన్నను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ వెనకింటి అబ్బాయే అన్న సంగతి జాబితాలో ఒక మూల కూడా రాయకండి, లెక్క తప్పుతుంది.

మత్తయి 25లో రాజు తీర్పు తీర్చేటప్పుడు అడిగే ప్రశ్నలు ముందుగానే బయటపెట్టాడు. ఆకలైనవాడికి తిండి పెట్టావా, దప్పికైనవాడికి నీళ్లిచ్చావా, పరదేశిని చేర్చుకున్నావా, రోగిని చూడబోయావా, చెరసాలకు వెళ్లావా. పరీక్ష పేపరు ఇంత ముందుగా లీకైనా చదవకపోవడం ఒక ఘనత. అందులో 666 మీద ఒక్క ప్రశ్నా లేదు, తేదీల మీద ఒక్క ప్రశ్నా లేదు. మనం తయారైంది మొత్తం సిలబస్‌లో లేనిదే.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: అన్నా, నేను యాలాల నుంచి. మా సంఘంల ఒక అక్క దినాం పొద్దుగాల లేచి చేనుకు పోతది, ఆదివారం సండే స్కూలు చెప్తది, రాకడ ముచ్చటే ఎత్తదు. ఆమెకు విశ్వాసం లేనట్టేనా?

జవాబు: చాలా అనుమానించాల్సిన మనిషి. ఆమె దగ్గర కూర్చోకండి, మీకూ పని అలవాటవుతుంది.

ప్రశ్న: అయ్యగారూ, బషీరాబాద్ నుంచి రాస్తున్నా. ప్రభువు రేపే వస్తున్నాడంటే మా చిట్టీ ఈ నెల కట్టాల్నా?

జవాబు: మీ చిట్టీ కట్టనక్కర్లేదు. మాకు ఇవ్వాల్సింది ఉంటే మాత్రం ఈ రాత్రికే తెచ్చివ్వండి.

ప్రశ్న: శిష్యులు ఆకాశం కేసి చూస్తూ నిలబడితే, ఎందుకు నిలబడ్డారని దేవదూతలు అడిగినట్టు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఉంది కదా?

జవాబు: ఉంది. ఆ మాట విన్నాక వాళ్లు యెరూషలేముకు తిరిగిపోయారు. అందుకే ఆ పుస్తకం మిగతా 27 అధ్యాయాలూ ప్రయాణాలతో, పనితో నిండిపోయింది. పౌలు అదే దారిలో రోము దాకా పోయాడు. అక్కడే నిలబడి ఉంటే మనకు ఇంత చదివే శ్రమ తప్పేది.

ఈ చిట్కాలు పనిచేయని మనుషులు

మా పద్ధతి కొందరి మీద బొత్తిగా పనిచేయలేదని ఒప్పుకోవాలి. తొలకరి పడగానే కంది విత్తి, సాయంత్రం ప్రార్థనలో రాకడ గురించి పాడే రైతులున్నారు. శనివారం చీకటి పడకముందే కూలి ముట్టజెప్పి ఆదివారం బల్లలో పాలు పుచ్చుకునే యజమానులు కొందరున్నారు. అవ్వ చెయ్యి పట్టుకుని రేషన్ షాపు దాకా నడిపించే కుర్రాళ్లున్నారు. ఎవరి ఇంటికైనా వెళ్లి వంట చేసి వచ్చే ఆడవాళ్లున్నారు, ఆ ఇంట్లో ఏ దేవుడి పటం ఉందో కూడా చూడరు. వీళ్లను తేదీ అడిగితే తెలియదంటారు. భయమేస్తుందా అంటే, పని ఉందంటారు. ప్రభువు ఈ రాత్రే వస్తే ఎలా అంటే, రానీ అంటారు. ఇలాంటివాళ్లకు ఏ పుస్తకమూ అమ్మలేం.

హామీ, షరతులు

పైన చెప్పిన ఏడు చిట్కాలూ మీరు సొంత బాధ్యత మీద పాటించాలి. తేదీ తప్పితే డబ్బు వాపసు లేదు. బీడు పడ్డ చేనుకు, ఎగ్గొట్టిన కూలికి, అవ్వ పోగొట్టుకున్న బియ్యానికి మేం జవాబుదారులం కాం. యజమాని వచ్చి లెక్క అడిగిన రోజున, ఫలానావాళ్ల సలహా విన్నానని మా పేరు చెప్పొచ్చు, అభ్యంతరం లేదు. కానీ చెప్పి లాభం లేదు. కూలి ఇవ్వాల్సిన చెయ్యి మీది, సలహా ఇచ్చిన నోరు మాది. ఆయన అడిగేది ముందు చెయ్యినే. మా నోటి లెక్క ఎప్పుడు అడుగుతాడో మాకూ తెలియదు, అందుకే దాని గురించి ఏ చిట్కా రాయలేదు.